మడత కూలి

పట్టుచీరకి కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు నోట్లో పిన్నులుంటాయి. అందుకే కాబోలు, మా ఇంట్లో నాతో ముఖ్యమైన మాటలన్నీ అందరూ సరిగ్గా అప్పుడే మాట్లాడతారు. ‘ఊ’ అనడం తప్ప నేనింకేమీ అనలేనని వాళ్ళకి బాగా తెలుసు.

“నువ్వైనా చెప్పవే దానికి,” అన్నారు మా ఆయన, ఇడ్లీ పళ్ళెం చేత్తో పట్టుకుని బల్ల పక్కన నిలబడి. బల్ల మీద ఎవరో పెళ్ళికూతురి చిలకపచ్చ కంచిపట్టు పరిచి ఉంది. చట్నీ చుక్క ఎక్కడ పడుతుందోనని నా ప్రాణం నా దగ్గర లేదు. “పంతొమ్మిదేళ్ళ పిల్లకి స్పోర్ట్స్ కారేంటి? అదీ దాచుకున్నదంతా ఊడ్చిపెట్టి! నీ సంతకం లేకపోతే బ్యాంకులోంచి డబ్బు కదలదుగా. పెట్టనని ఒక్క ముక్క చెప్పెయ్, గొడవ వదిలిపోద్ది.”

నేను “ఊ” అన్నాను. సరేనన్నానని ఆయన అనుకున్నారు. ఇంకో రెండు ఇడ్లీలు కావాలన్నట్టు పళ్ళెం నా వైపు చాచారు. చీర వదిలేస్తే మడత జారిపోతుంది, వదలకపోతే ఆయన ఇడ్లీ ఆగిపోతుంది. మడతే జారిపోయింది.

‘అది’ అంటే మా అమ్మాయి రుచిత. ఇబ్రహీంపట్నం దగ్గర కాలేజీలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. మా ఆయన బసవపున్నయ్య గారికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టుంది. నా పేరు శేషుకుమారి. పటమటలో మా ఇంటి ముందుగదిలో పొడుగాటి బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు, గోడవారగా చీరల అట్టపెట్టెలు ఉంటాయి. ఆ గదిని రుచిత ఇన్‌స్టాలో స్టూడియో అంటుంది. మా అత్తగారు సుబ్బరత్నమ్మ గారు చాకిరేవు అంటారు.

ఇంటర్ చదివేటప్పుడు కంకిపాడులో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి రుచితే చీర కట్టింది. వీడియోలు చూసి నేర్చుకుని, ముందురోజే కుచ్చిళ్ళు పెట్టి, పైట మడతలు సరిచేసి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి పెట్టెలో పెట్టింది. తెల్లవారుజాము ముహూర్తానికి పెళ్ళికూతురు ఇలా లేచి అలా చుట్టేసుకుంది. ఆ ఫొటోలు చూసి ఒకరి తర్వాత ఒకరు అడగడం మొదలుపెట్టారు. మొదట్లో అది మడత పెడుతుంటే నేను అంచు పట్టుకునేదాన్ని. తర్వాత దానికి పరీక్షలొచ్చాయని నేను మడత పెట్టాను. పరీక్షలైపోయాక కూడా నేనే పెడుతున్నాను. ఇంటి పనులన్నీ అంతే కదా, ‘ఈ ఒక్కసారికి’ అంటూ వచ్చి కూర్చుంటాయి, ఇక లేవవు. ముహూర్తాల రోజుల్లో అది వెళ్ళి పెళ్ళికూతుళ్ళకి చీర కట్టి వస్తుంది. ఫోన్లు, ఫొటోలు, బేరాలు దానివి. అందులో దాని తెలివిని కాదనను, ఆ బేరాలు నాకు చచ్చినా రావు. వారం పొడుగునా మడతలు మాత్రం నావి.

నిజం చెప్పొద్దూ, నాకీ పనంటే ఇష్టం. వంట చేస్తే తినేస్తారు, గిన్నెలు తోమితే మళ్ళీ జిడ్డవుతాయి, ఇల్లు ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ దుమ్ము. చీర అలా కాదు. అంచు అంచుకి అతికినట్టు కూర్చుని, జరీ అంతా ఒకే గీతలోకి వచ్చాక కాసేపు అలా చూస్తూ నిలబడతాను. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల ఆ చీరలో పీటల మీద కూర్చుంటుందని తలుచుకుంటే భలే సంతోషంగా ఉంటుంది. పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు “మీ అమ్మాయి చేతిలో ఏదో ఉందండీ!” అంటారు. “అవునండీ,” అంటాను, నిండుగా నవ్వుతూ. నా చేతులకి ఇస్త్రీ పెట్టె అంటుకున్న మచ్చలుంటాయి. వాటి మీద కొబ్బరినూనె రాసుకుంటూనే అంటాను.

వచ్చిన డబ్బంతా మా ఇద్దరి పేరు మీదున్న ఖాతాలో పడుతుంది. అది పదో తరగతిలో ఉండగా తెరిచిన ఖాతా, ఇద్దరం సంతకం పెడితేనే పెద్ద మొత్తం బయటికొస్తుంది. ఆ డబ్బుని ఇంట్లో అందరం ‘పాప డబ్బు’ అంటాం. నేనూ అలాగే అనేదాన్ని.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, శ్రావణం పెళ్ళిళ్ళ చీరలు మాత్రం అప్పుడే రావడం మొదలైంది. ఈ నెలలో మనవాళ్ళెవరూ బండ్లు కొనరు కాబట్టి షోరూములవాళ్ళు రేట్లు తగ్గించి ఊరిస్తారు కదా, అదిగో ఆ వలలో పడింది మా పిల్ల. రెండే తలుపులున్న ఎర్ర కారు. దాచుకున్నదంతా ముందు కట్టేసి, మిగతాది నెలనెలా కట్టుకుంటుందట. ఇప్పుడు బుక్ చేసి, శ్రావణంలో ఇంటికి తెచ్చుకుంటుందట. సోమవారం దాటితే ఆ రేటు ఉండదట.

“ఆషాఢంలో బండి కొంటారటే ఎక్కడన్నా? ఓసి నీ అసాధ్యం కూలా!” అన్నారు అత్తయ్య గారు, కిటికీ దగ్గర కూర్చుని చీరకి ఫాల్ కుడుతూ. “ఆ డబ్బు పెట్టి బంగారం కొని లోపల పడెయ్యండి. రేపు దాని పెళ్ళికి పనికొస్తది. ఇద్దరు పట్టే కారంట! మరి నేనెక్కడ కూర్చోవాలే, డిక్కీలోనా?”

“నువ్వు నా పక్కన కూర్చో నానమ్మా. అమ్మని ఇంట్లో వదిలేద్దాం,” అంది రుచిత.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలాంటి జోకులకి నవ్వడం నాకు బాగా అలవాటు, నవ్వకపోతే ‘ఏంటమ్మా, జోక్ చేస్తే కూడా సీరియస్సా’ అంటారు.

మా ఆయన వాదన వేరు. “కారు షోరూం గడప దాటిందంటే సగం రేటు పోయినట్టే. పొద్దున లేస్తే నేను చూసేదవే బళ్ళు. నేలకి ఆనుకుని ఉండే కారు మన వీధిలో తిరుగుద్దా? వానొస్తే ఆటోలే మునుగుతున్నాయి ఇక్కడ. పెట్రోలెవరు కొట్టిస్తారు, ఇన్సూరెన్సెవరు కడతారు?” అన్నారు. అందులో తప్పేమీ లేదు. పిచ్చి ఖర్చేనని నాకూ తెలుసు. కానీ వాళ్ళన్న సాత్విక్ ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన రోజే, ఫలితాలు కూడా రాకముందే, ఈయన వెళ్ళి రయ్యిమని పోయే బండి కొనుక్కొచ్చారు. ‘మగపిల్లాడు, సరదా పడతాడు’ అన్నారు. వాడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఆ బండి మా వరండాలో గోనెసంచీ కప్పుకుని నిద్రపోతోంది. పెట్రోలెవరు కొట్టిస్తారని అప్పుడెవరూ అడగలేదు. అది గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు చల్లపల్లిలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. స్కూటీ కొనుక్కోవాలని జీతంలో కొంత కొంత దాచాను. పెళ్ళైన కొత్తలో ఈయన కొట్టు పెట్టే ప్రయత్నంలో ఉండి, “నీ దగ్గరుంటే ఏంటి, నా దగ్గరుంటే ఏంటి శేషూ?” అన్నారు. ఎంత ముద్దుగా అన్నారో! మురిసిపోయి ఇచ్చేశాను. ఆయన చెడ్డవాడేం కాదు, నాకేం లోటు చెయ్యలేదు. ఏది అడిగినా కొంటారు. అడగాలి, ఎందుకో చెప్పాలి, ఆయనకి సబబుగా అనిపించాలి, అంతే. ఆ స్కూటీ మాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అందుకని మనసులో ఎప్పుడో తేల్చేసుకున్నాను, నా కూతురి డబ్బు మీద మాత్రం ఎవరి చెయ్యీ పడనివ్వకూడదని.

శుక్రవారం నాడు రుచిత నన్ను బందరు రోడ్డులో షోరూముకి లాక్కెళ్ళింది. అక్కడి అబ్బాయి మర్యాదగా మంచినీళ్ళిచ్చి, “సార్ రాలేదా మేడమ్?” అన్నాడు నాతో.

“కొనేది నేనండీ,” అంది మా పిల్ల. ఆ అనడంలో ఎంత దర్జా! నా గుండె ఉప్పొంగింది. దాని వయసులో నేను చెప్పుల కొట్లో కూడా నాన్న వెనక నిలబడేదాన్ని.

ఆ కారులో కూర్చోవడమంటే కింద పడడమే. ముందు నడుము, తర్వాత తల, ఆఖరికి చీర కుచ్చిళ్ళు లోపలికి లాక్కోవాలి. రుచిత స్టీరింగ్ పట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. చిన్నప్పుడు గాజులబండి ముందు నిలబడినప్పటి మొహమే. ఇది కారు కాదు, దానికి తన మీద తనకున్న నమ్మకం అనిపించింది. పోతే పోయింది, డబ్బేగా, పెట్టేస్తాను సంతకం అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ అంది. “అమ్మా, మా క్లాసులో అందరూ వాళ్ళ నాన్నల డబ్బుతో తిరుగుతారు. నేను నా కష్టంతో కొనుక్కున్నదాంట్లో తిరుగుతా. ప్రతి రూపాయీ నా కష్టమేగా?”

“అవునే తల్లీ,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

శనివారం ఫిర్దౌస్ వచ్చింది. వన్‌టౌన్‌లో పెళ్ళిచీరల కొట్టు ఆమెది, కొన్నవాళ్ళకి మడత కూడా పెట్టించి ఇస్తుంది. ఆటోలోంచి చీరల మూటలు దింపించి, చెమట తుడుచుకుంటూ కూర్చుంది.

“రుచిత లేదు ఫిర్దౌస్, ఫ్రెండ్స్‌తో బయటికెళ్ళింది,” అన్నాను.

“లేకపోతే లేకపోయిందిలే శేషక్కా. నాక్కావాల్సింది మీరు. శ్రావణంలో ఎటైనా ఊరెళ్తే మాత్రం ముందే చెప్పండి అక్కా, నా కొంప మునుగుద్ది. పోయినసారి మీకు జ్వరమొస్తే పిల్ల నా చీరలన్నీ ఆపేసింది.” మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, మామూలుగా అడిగింది. “మా కొట్లో మడత పెట్టే అమ్మాయిలకి చీరకింతని ఇస్తానక్కా. మీకు రుచిత ఎంతిస్తుంది?”

“నాకేంటి, అంతా పాపదేగా!” అన్నాను నవ్వుతూ.

ఫిర్దౌస్ నవ్వలేదు. కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది. “యా అల్లా! అయితే రేపట్నుంచి మా కొట్టుకి వచ్చెయ్యండి. ఒట్టి చేతులతో మాత్రం పంపను,” అంది. ఆ తర్వాత ఇద్దరం టీ తాగి వేరే కబుర్లలో పడ్డాం. ఆ మాట అక్కడితో మర్చిపోయాననే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పంచాయితీ మొదలైంది. కొట్టుకి సెలవు, ఆయన ఇంట్లో ఉన్నారు. అత్తయ్య గారు ఎప్పట్లాగే కిటికీ దగ్గర సూదీదారంతో ఉన్నారు. రుచిత బల్ల అంచు మీద కూర్చుని కాళ్ళూపుతోంది. ఆయన కారు వద్దన్నారు. ఆవిడ బంగారం అన్నారు. రుచిత “నా డబ్బు, నా ఇష్టం” అంది. “నీ డబ్బా? తిండెవరు పెడుతున్నారు, ఫీజెవరు కడుతున్నారు?” అని ఆయన గొంతు పెంచారు. పిల్ల మొహం ఎర్రబడింది. ఇక నేనాగలేకపోయాను.

“ఆగండి! దాని డబ్బు దాని ఇష్టమే. ఎవరి జేబులోంచీ తియ్యలేదది. పండగనకా పబ్బమనకా ఈ బల్ల దగ్గర నిలబడి, నడుము పడిపోయేలా ఒక్కో చీరా మడత పెట్టి, చేతులు కాల్చుకుని, జ్వరం తగ్గకముందే మాత్ర వేసుకుని లేచొచ్చి...”

అక్కడ నా నోరు దానంతటదే ఆగిపోయింది. ఎవరి గురించి చెబుతున్నాను నేను? రుచిత చేతులు చూశాను. నున్నగా, గోళ్ళకి లేత గులాబీ రంగుతో, ముచ్చటగా ఉన్నాయి. నా చేతులు చూడక్కర్లేదు, నాకు తెలుసు. ‘మీకు ఎంతిస్తుంది?’ అన్న ఫిర్దౌస్ ప్రశ్న అప్పుడొచ్చి సూటిగా తగిలింది. ఆయన నా డబ్బు తీసుకున్నప్పుడు కనీసం అడిగారు. నా కూతురు అడగను కూడా లేదు. అడగాలని దానికి తోచలేదు, ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, అసలు నాకే తోచలేదు. నేనేదో దాన్ని ఈ ఇంటి నుంచి కాపాడుతున్నాననుకుంటున్నాను. అది మాత్రం ఈ ఇంట్లో అందరిలాగే ఉంది, నా పని మీద హాయిగా కూర్చుని. కోపం రావాల్సింది. విచిత్రంగా నవ్వొచ్చింది.

“ఏంటే, మధ్యలో ఆగిపోయావ్?” అన్నారు ఆయన.

“సంతకం పెడతానండీ. సగానికి,” అన్నాను.

“సగమేంటమ్మా?” అంది రుచిత. “మిగతా సగం?”

“నాది.”

ముందు తేరుకున్నది రుచితే. కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. “నువ్వు కూడా నాన్న పార్టీయేనా? కారు వద్దంటే వద్దని మొహం మీద చెప్పొచ్చుగా! నన్నాపడానికి ఇదొక ప్లానా? నువ్వు నా వైపున్నావని అందరితో చెప్పుకున్నా!”

‘సరేలేవే, అంతా నువ్వే తీసుకో’ అనే మాట నోటిదాకా వచ్చేసింది. ఎన్నేళ్ళ అలవాటు! పళ్ళు బిగించి ఆ మాటని లోపలికి తోసేశాను.

“నేను ఎవరి పార్టీ కాదు. కారు కొనొద్దని అనట్లేదు. నీ సగం రేపే తీసుకో. కారే కొంటావో, గాలిపటాలే కొంటావో నీ ఇష్టం. బంగారం కొనమని ఎవరైనా నస పెడితే నా దగ్గరికి పంపు. ఆర్డర్లు తెచ్చావు, పేరు తెచ్చావు, అదంతా నీదే. మడతలు నావి. నా చేతుల మీద కారెక్కకు తల్లీ, అంతే చెబుతున్నా.”

“ఇంట్లో పనికి కూడా కూలీనా!” అన్నారు ఆయన, నమ్మలేనట్టు.

“ఇది ఇంట్లో పని కాదండీ, ఊళ్ళోవాళ్ళ చీరలు. ఇంటి పని సంగతి ఇంకా ఎత్తలేదు నేను,” అన్నాను. ఆయన గబుక్కున నోరు మూసుకున్నారు, ఎత్తుతానేమోనని.

అప్పుడు కిటికీ దగ్గర్నుంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది. అత్తయ్య గారు దారం పటుక్కున కొరికి, కళ్ళజోడు నెత్తి మీదికి తోశారు. ఇంక నా పని అయిపోయింది, పుట్టింటిదాకా తిడతారు అనుకున్నాను.

“మరి ఫాల్సు సంగతేంటే?” అన్నారు.

“ఏ ఫాల్సు?” అన్నారు ఈయన.

“ఇన్నాళ్ళూ కుట్టిన ఫాల్సన్నీ ఎవరు కుట్టార్రా, మీ నాన్నా? ముసల్ది, కాలక్షేపానికి కుట్టుకుంటంది అనుకున్నారా? నాకు కళ్ళు లాగట్లా? బజార్లో ఫాల్ కుడితే ఎంత తీసుకుంటన్నారో నాకు తెలీదా? కోడలికి సగమైతే నాదెక్కడ?”

“నానమ్మా! నువ్వు కూడానా!” అంది రుచిత. ఏడుపు ఏడుపులోనే నవ్వు తన్నుకొచ్చింది దానికి. “నువ్వు బంగారం కొనమన్నావు కదే ఇప్పటిదాకా!”

“నీ డబ్బైతే బంగారం. నా డబ్బైతే నా ఇష్టం,” అన్నారావిడ ఏమాత్రం తడుముకోకుండా. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

రుచిత లోపలికెళ్ళి మొహం కడుక్కొచ్చింది. కాసేపు మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టు మీద మచ్చని బొటనవేలితో నిమిరింది. నాకది సరిపోయింది.

“అయితే ఎర్ర కారు ఇప్పట్లో రాదు,” అంది చివరికి.

“రాదు. చిన్నదేదైనా వస్తుందేమో చూసుకో, లేకపోతే ఆగు.”

“ఆగుతాలే. వచ్చే మాఘం ముహూర్తాలు అయ్యాక చూస్తా. ఆషాఢం ప్రతి ఏడూ వస్తుందిగా.” ముక్కు ఎగబీల్చి, ఒక్కసారిగా బేరాల గొంతులోకి దిగింది. “సరే, ఇక నుంచి మడతకెంత తీసుకుంటావ్? పట్టుకీ మామూలు చీరకీ ఒకటే రేటా?”

“ఒకటే ఎలా అవుతుందే? పట్టుకి ఎక్కువ. జరీ బరువుంటే ఇంకా ఎక్కువ,” అన్నాను. బేరాలు నాకు చచ్చినా రావని ఎవరన్నారు? అది ఒక మాట తగ్గించింది, నేను తగ్గలేదు. అత్తయ్య గారు మధ్యలో నా వైపు మాట్లాడారు. చివరికి ముగ్గురం తేల్చుకున్నాం. కావాల్సినంత నవ్వుకున్నాం కూడా.

ఆయన ఇదంతా చూస్తూ కుర్చీలో అలాగే కూర్చున్నారు. కారు రాలేదు కాబట్టి తను గెలిచినట్టా, నేను సగం అడిగాను కాబట్టి ఓడినట్టా అన్నది ఆయనకి అంతు చిక్కినట్టు లేదు. రుచిత లోపలికి వెళ్ళాక మెల్లగా నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

“అది కాదు శేషూ, నీకెందుకే అంత డబ్బు? ఏం కొనుక్కుంటావ్? చీరలా, గాజులా? నాతో చెబితే నేను కొననా?”

నేనూ నిజంగానే ఆలోచించాను. స్కూటీ మీద మోజు ఎప్పుడో పోయింది. చీరలంటే రోజంతా చీరలే చూస్తున్నాను. ఏం కావాలో ఏమీ తోచలేదు, తోచకపోవడం కూడా ఎంతో హాయిగా ఉంది.

“ఏం కొంటానో నాకే తెలీదండీ. తెలిసినా మీకు చెప్పను,” అన్నాను, ఆయన చొక్కాకి అంటుకున్న దారప్పోగు తీసేస్తూ. “ఎందుకని ఎవరికీ చెప్పక్కర్లేని డబ్బు నా దగ్గర కొంచెం ఉండాలి. అందుక్కావాలి.”